మా మేడ మీద పూలకి ఇప్పుడే సీజన్

దసరా దాటితే కుండీల్లో పూలు తగ్గిపోతాయని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. మంచు కురిసే దేశాల సంగతేమో గానీ, హైదరాబాద్‌లో మా మేడ మీద మాత్రం అసలు సందడి ఇప్పుడే. మల్లె ఒక్కటే ముడుచుకుంది, దాని కాలం ఎండాకాలమే కదా. బతుకమ్మకి కోసుకోగా మిగిలిన బంతి ఇంకా విరగబూస్తోంది. వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేస్తుంటే కొత్త మొగ్గలు వేస్తూనే ఉంటుంది. ఇక పారిజాతం, తెల్లారేసరికి నేలంతా తెల్లటి రేకులు, నారింజ రంగు కాడలు. మా అత్తయ్య పూలన్నీ ఏరుకున్నాకే నన్ను చీపురు పట్టనిస్తారు!

చామంతి దగ్గరే నేను బాగా దెబ్బతిన్నాను. రెండేళ్లు ఆకులే తప్ప ఒక్క మొగ్గ లేదు. ఎరువు మార్చా, మట్టి మార్చా. తీరా చూస్తే కారణం ఎదురుగా ఉన్న వీధిలైటు. రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉంటేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. కుండీలు నీళ్ల ట్యాంకు వెనక్కి జరిపాను, అంతే. ఇప్పుడు కొమ్మకి ఐదారు మొగ్గలు, శనగగింజంత సైజులో. ఈ కార్తీక పౌర్ణమికి పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్ దాకా వెళ్లే పని ఉండదనుకుంటున్నా, మళ్లీ వానలు పట్టుకుని వేళ్లు కుళ్లకపోతే.