గోడ మందం, గుండె పంతం

ఎకో రిపోర్టులో నా గుండె గోడ మందం 13 మిల్లీమీటర్లని చూసి ఛాతీ ఉప్పొంగింది. మామూలు గుండెకు పది దాటదట. మందంగా ఉన్న గోడ గట్టిదనే కదా లోకం అనుకుంటుంది! పైగా ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో పిండుకు బయటికి తోసే రక్తం వాటా, 65 శాతం, ఫస్ట్ క్లాసు. కిందనే కిట్టనివాళ్లెవరో రాసినట్టు ఒక ముక్క: గుండె సరిగ్గా నిండటం లేదు.

నిండటమూ ఒక పనేనా? రక్తాన్ని తోయడం పని, తోశాక వదులవడం విశ్రాంతి. డాక్టరుగారు ఒప్పుకోలేదు. వదులవడానికీ శక్తి కావాలట. పిండేటప్పుడు కండ కణంలో పోగైన కాల్షియాన్ని మళ్లీ తోడిపొయ్యాలంటే కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చవుతుందట. అంటే నా గుండెకు విశ్రాంతి తీసుకోవడం చేతకావడం లేదు. నేను ఆరితేరిన విద్య అదొక్కటే, అందులోనే ఫెయిలా?

సవ్యంగా ఉన్న జఠరిక, అంటే గుండె కింది గది, ముందు తనే రక్తాన్ని లోపలికి పీల్చుకుంటుంది. గ్రాఫులో అది ‘ఈ’ (E) అల. చివర్లో పై గది కర్ణిక నెట్టేది కొసరు, అది ‘ఏ’ (A) అల. నాకు అసలు కన్నా కొసరు ఎక్కువైంది. జబ్బు ఇంకా ముదిరితే కర్ణికలో ఒత్తిడి పెరిగి ‘ఈ’ అల మళ్లీ ఎత్తవుతుంది, గ్రాఫు ఆరోగ్యవంతుడి గ్రాఫులాగే ఉంటుంది. దానికి సూడోనార్మల్ అని పేరు. రోగం పెరిగేకొద్దీ రిపోర్టు అందంగా తయారయ్యే ఇంత చక్కని ఏర్పాటును కూడా ఓర్వలేక టిష్యూ డాప్లర్ తెచ్చారు. అది గోడ కదిలే వేగాన్నే కొలుస్తుంది. గుండె నిండటం మొదలైనప్పటి ఆ వేగం సెప్టం (రెండు జఠరికల మధ్య గోడ) దగ్గర సెకనుకు 7 సెంటీమీటర్ల కన్నా తగ్గిందా, దొరికిపోయినట్టే.

మందాల్లోనూ వంశాలున్నాయట. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అనే గుండె కండ జబ్బుది జన్యువుల వరస. కండ పోగులు చిందరవందరగా అల్లుకుంటాయి. పిండటం భేషుగ్గానే ఉంటుంది, వదలమంటేనే మొరాయిస్తుంది. అమైలాయిడ్ అనే జబ్బులో పెరిగింది కండే కాదు, మడత తప్పిన ప్రొటీన్ పేరుకుని గోడ బిగుసుకుపోతుంది. చూడటానికి అంత లావు గోడ, ఈసీజీలో చాలాసార్లు గీతలు మాత్రం పొట్టి. పైన పటారం, లోన లొటారం. నాది బీపీ వంశం. ఏళ్ల తరబడి ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ కండ బలిసింది, మధ్యలో పీచు చేరింది.

అసలు అన్యాయం క్రీడాకారుల దగ్గర. పడవ పందేలవాళ్లలో, సైకిల్ రేసర్లలో కొందరికి నాలాగే 13 ఉంటుందట. వాళ్ల గుండె మాత్రం లేగదూడలా వదులుగా సాగి హాయిగా నిండుతుంది, కాబట్టి వాళ్లది ఆరోగ్యం, నాది జబ్బు! అనుమానమొస్తే వాళ్లను మూడు నెలలు సాధన ఆపమంటారు. ఆ మందం సాధన వల్ల వచ్చిందైతే తగ్గుతుంది.

న్యాయం అందరికీ ఒకటే ఉండాలి కాబట్టి, నేనూ మూడు నెలలు వ్యాయామం మానేసి చూస్తానన్నాను. డాక్టరుగారు బీపీ మాత్రలు రాస్తూ, తలెత్తకుండానే అడిగారు: "మొదలెప్పుడు పెట్టారండీ?"