మా కాలనీ స్పీడ్ బ్రేకర్ గారికి ఒక తేలికపాటి కారు యజమాని విన్నపం

మహారాజశ్రీ మా కాలనీ గేటు ముందరి స్పీడ్ బ్రేకర్ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. మొన్నటి వానలకు మెయిన్ రోడ్డు దాకా కంకర తేలిపోయినా, తమ ఒంటి మీది తారు పెళ్ల ఒక్కటి కూడా ఊడకుండా తమరు నిక్షేపంగా ఉండడం రోజూ ఉదయాన్నే కళ్లారా చూసి తరిస్తున్నాను. నా కారు ఇంజను అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ మాత్రం అంత నిక్షేపంగా లేదు. ఆ సంగతి తమతోనే నేరుగా మాట్లాడుకోవడం మర్యాద అనిపించి, పై అధికారులెవరికీ అర్జీ పెట్టకుండా తమ పేరనే ఈ లేఖ రాస్తున్నాను. తమరిని ఏ అధికారి పుట్టించాడో ఎవరికీ తెలియకపోవడం కూడా అందుకొక కారణం.

తమరు నన్ను ముఖం చూసి గుర్తుపట్టకపోవచ్చు గానీ, నా కారు అడుగుభాగం చూపిస్తే తప్పక గుర్తుపడతారు. ఎర్ర రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు, ఫైబర్ బాడీ, లోపల 1149 సీసీ రెనో ఇంజను. గోవాలో సాన్ మోటార్స్ వారు 1998లో తెచ్చిన స్టార్మ్ అనే బండి అది. బలం అరవై హార్స్‌పవర్ చుట్టుపక్కలే. ఈ రోజుల్లో రైతుబజారుకు వెళ్లొచ్చే హ్యాచ్‌బ్యాకులకు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది కనుక, దీన్ని స్పోర్ట్స్ కారు అని పిలవడానికి మా బావమరిది ఇప్పటికీ ఒప్పుకోడు. ఆయనకు చెప్పీ చెప్పీ విసిగి వదిలేసిన విషయాన్ని తమకు చెబుతాను. తమరైతే మధ్యలో లేచి వెళ్లలేరు.

స్పోర్ట్స్ కారుకు చురుకుదనం రెండు దారుల్లో వస్తుంది. ఇంజను పెంచడం ఒకటి, బరువు తీసేయడం మరొకటి. ఇంజను పెంచితే దాన్ని మోయడానికి చట్రం బలపడాలి, ఆపడానికి బ్రేకులు పెద్దవి కావాలి, ఆ బ్రేకులకు తగ్గ చక్రాలు, చక్రాలకు తగ్గ టైర్లు, వీటన్నిటినీ లాగడానికి ఇంకాస్త పెట్రోలు కావాలి. ఒక బరువు వచ్చిందంటే దాని బంధుజనమంతా వెంట దిగుతారు. ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ రెండో దారి పట్టాడు. 1957లో ఆయన అమ్మకానికి తెచ్చిన లోటస్ సెవెన్ బరువు అర టన్ను అటూ ఇటూ మాత్రమే. పన్ను తప్పించుకోవడానికి దాన్ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకున్న వాళ్లూ చాలామంది ఉన్నారు. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్‌కు అల్యూమినియం భాగాలను జిగురుతో అతికించి చేసిన చట్రం 68 కిలోలు తూగింది. మా కాలనీ సంఘం అధ్యక్షుల వారు ఒక్కరే అంతకంటే ఎక్కువ తూగుతారు.

అన్నీ తీసేసిన కారులో ఇంకేం మిగులుతుందని బావమరిది అడుగుతాడు. శీతాకాలం ఆదివారం తెల్లవారుజామున టాపు మడిచి, చేవెళ్ల మర్రిచెట్ల కింది నుంచి వికారాబాద్ మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఏం మిగిలిందో తెలుస్తుంది. మలుపు ముందు బ్రేకు మీద పాదం ఊరికే ఆనిస్తే చాలు, కారు ముక్కు కాస్త వంగి సిద్ధమవుతుంది. స్టీరింగు తిప్పాలని అనుకున్నంతలోనే తిరిగిపోతుంది. ముందు టైరు ఎక్కడ పట్టు వదలబోతోందో అరచేతులకు ముందే కబురందుతుంది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలోనే ఎనభై మీద పోతున్న సంబరం కలుగుతుంది, కానీ పోలీసు కెమెరాకు మాత్రం అది యాభైగానే కనిపిస్తుంది. చలానా పడని సంబరం ఈ హైదరాబాద్‌లో ఇంకెక్కడ దొరుకుతుందో తమరే సెలవివ్వాలి.

ఈ సంబరం వారానికి ఒక పూటే. మిగిలిన రోజుల్లో ఇలాంటి కారు గలవాడి బతుకంతా జవాబులు చెప్పుకోవడంలోనే గడుస్తుంది. మైలేజీ ఎంత అని బంకులో కుర్రాడు, వెనక సీటేది అని పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టాలు, ఇంకొంచెం వేసుకుంటే సన్‌రూఫ్ ఉన్న పెద్ద బండే వచ్చేది కదా అని పక్కింటాయన అడుగుతారు. నా కారుకు పైకప్పు మొత్తం సన్‌రూఫే అని చెప్పినా ఆయన ముఖంలోని జాలి తగ్గదు. మా అత్తగారు ఒకసారి ఎక్కారు. దిగేటప్పుడు చెరో చెయ్యి పట్టుకుని ఇద్దరం పైకి లేపాల్సి వచ్చింది. అప్పటి నుంచి, "మీరు పదండి బాబూ, నేను నెమ్మదిగా ఆటోలో వస్తాను" అంటున్నారు. ఎండాకాలం టాపు తీస్తే మాడు పగులుతుంది, వేస్తే ఉక్కతో ప్రాణం పోతుంది. వానాకాలం కుట్టు సందులోంచి కారే చుక్క ఎప్పుడూ నా కుడి మోకాలినే వెతుక్కుంటూ వస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండి కనుక ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ల చొప్పున దాని ఆయుష్షు పొడిగించుకుంటూ పోవాలి. బాడీకి దెబ్బ తగిలితే డెంటింగ్ మేస్త్రీ సుత్తి పక్కన పెట్టి, ఇది రేకు కాదు సార్ అని దండం పెడతాడు. ఫైబర్ బొమ్మలు పోసే మేస్త్రీని వెతుక్కుని బతిమాలుకోవాలి. ఇవన్నీ భరించదగిన బాధలే, ఇష్టపడి తెచ్చుకున్నవే. తమరిని దాటడం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఆ తతంగం కింద పడుకున్న తమకు కనిపించదు కనుక మనవి చేస్తాను. తమ ముందుకు రాగానే ఫస్ట్ గేరులోకి దిగి, కారును రోడ్డు కుడి అంచుకు తెచ్చి, అక్కడి నుంచి ఎడమకు ఐమూలగా తిప్పుతాను. వాచ్‌మన్ కుర్చీ వదిలి వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కారు కిందికి తొంగి చూస్తూ, "రానీ సార్, రానీ… జర లెఫ్టుకు కొట్టుండ్రి… ఆగుండ్రి, ఆగుండ్రి" అంటూ ఉంటాడు. ముందు కుడి చక్రం ఎక్కుతుంది. వెనక ఎడమ చక్రం ఇంకా నేల మీదే ఉండగా బాడీ మొత్తం మెలి తిరిగి, తలుపు దగ్గర ఫైబర్ కిర్రుమంటుంది. వెనక ఆటో ఆగకుండా హారన్ కొడుతూ ఉంటుంది. స్కూటీ మీద కాలేజీ అమ్మాయి నాకూ గోడకూ మధ్య మిగిలిన సందులోంచి దూరిపోతూ నన్నొక వింత జంతువును చూసినట్టు చూస్తుంది. ముందు చక్రాలు రెండూ అవతల దిగి, ఇక గండం గడిచిందనుకునే సమయానికి, కంకర లోహాన్ని గీరే చప్పుడు నా సీటు కింది నుంచి పళ్లలోకి వస్తుంది. వాచ్‌మన్ నేల మీది తడిలో వేలు ముంచి, వాసన చూసి, "ఆయిల్ గాదు సార్, నీళ్లే" అని తీర్పు చెప్పేదాకా నేను ఊపిరి వదలను.

తమ జాతి మీద నాకు ద్వేషం లేదు. బడి ముందు, ఆసుపత్రి ముందు తమవారు ఉండి తీరాలి. ఆ మాటలో వ్యంగ్యం ఏమీ లేదు. నా పేచీ అంతా తమ కొలతలతోనే. తమవంటి వారు ఎలా ఉండాలో, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99 అనే ప్రమాణంలో రాసిపెట్టింది. వాహనం వచ్చే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్కగా సాఫీగా వంగాలి, మామూలు వాహనం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాలి. సుమారు 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, ఒంటి మీద రంగు చారలు ఉండాలి. నా కారు వంటి పొట్టి బండికి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.3 మీటర్లు అనుకుని లెక్క కట్టి చూడండి. ఆ కొలతల్లో కట్టిన గుట్ట మీద చక్రాలు నాలుగూ ఒకేసారి పట్టేస్తాయి. వాటి మధ్యలో గుట్ట పైకి పొడుచుకు వచ్చేది నాలుగు సెంటీమీటర్లే. ఈ తరహా కార్లలో నేలకూ కారు కడుపుకూ మధ్య పదమూడు పద్నాలుగు సెంటీమీటర్ల జాగా ఉంటుంది. అంటే శాస్త్రప్రకారం పుట్టిన స్పీడ్ బ్రేకరుకూ నాకూ ఏ తగాదా లేదు. ఒకరినొకరం ముట్టుకోకుండానే మర్యాదగా తప్పుకుపోగలం.

తమరి కొలతలు వేరు. వెడల్పు మూరెడు, ఎత్తు రెండు బెత్తెలు, టేపు పెడితే 15 సెంటీమీటర్లు. ఒక రాత్రి రోడ్డు పనిలో మిగిలిన తారు ఎక్కడ పొయ్యాలో తెలియక పోసిన చోటే తమరు అవతరించారని ప్రతీతి. మరునాడు పొద్దున సున్నం గీతయినా గీసిన పుణ్యాత్ముడు లేడు కనుక, కొత్తవాళ్లకు తమ ఉనికి నడుము ద్వారా తెలుస్తోంది.

పోనీ, ఇంత తపస్సు చేసి తమరు ఎవరిని ఆపుతున్నారు? సాయంత్రం ఆరు గంటలకు ఒక్కసారి గమనించండి. నేల నుంచి ఇరవై సెంటీమీటర్ల పైన కడుపు పెట్టుకున్న ఎస్‌యూవీలు తమ మీదుగా వేగం తగ్గించకుండానే పోతాయి. పెద్ద టైర్లు, బారెడు కుంగే స్ప్రింగులు ఆ దెబ్బను మింగేస్తాయి. పైగా బండి ఎంత బరువైతే దానితో పోలిస్తే చక్రాల బరువు అంత తక్కువ కనుక, లోపల కూర్చున్న వాళ్ల చేతిలో టీ కూడా తొణకదు. తేలిక కారులో చక్రాలదే పెద్ద వాటా కావడంతో ప్రతి కుదుపూ సరాసరి వెన్నెముకకు చేరుతుంది. తమకు జడిసి నడక వేగానికి దిగేది, వేగం కోసమే పుట్టిన నా కారు ఒక్కటే. ఇంకో విడ్డూరం వినండి. రోడ్డు అరుగుదల ఇరుసు మీది బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందని రోడ్ల ఇంజనీర్లు లెక్క కడతారు; అంటే రెండు టన్నుల బండి టన్ను బండి కంటే పదహారు రెట్లు రోడ్డును అరగదీస్తుంది. రోడ్డుకు అందరికంటే తక్కువ హాని చేసేవాడికి అందరికంటే ఎక్కువ శిక్ష పడుతోందన్నమాట. తమ న్యాయం చాప్‌మన్ వారసులకూ అర్థమైనట్టుంది. లోటస్ 2023లో మన దేశంలో అడుగుపెడుతూ ముందుగా తెచ్చిన బండి సుమారు రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ.

తమ వంశం చిన్నదేమీ కాదు. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1953లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో తాను పనిచేసే విశ్వవిద్యాలయం రోడ్ల మీద కార్ల దూకుడు చూడలేక, ఎంత వంపు ఉంటే ఎంత వేగం వాడికి కుదుపు తగులుతుందో లెక్క వేసి మరీ అలాంటి గుట్టలు రూపొందించాడు. చాప్‌మన్ లోటస్ కంపెనీని స్థాపించింది అంతకు ముందటి ఏడాదే. ఇద్దరూ లెక్కల మీద బతికిన మనుషులు, ఎంత తక్కువతో పని జరుగుతుందో చూసుకున్న మనుషులు. వారి వంశాంకురాలు మా కాలనీ గేటు దగ్గర ఇలా ఎదురుపడి, ఒకరి పొట్ట ఒకరు గీరుకోవాల్సి రావడం నాకు నిజంగా కష్టంగా ఉంది.

ఈ ఊరికి తేలిక కారంటే మొదటి నుంచీ గిట్టదేమో. నిజాం ప్రభువు కోసం 1912లో సిద్ధమైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టులో వెనక సీటు స్థానంలో ఏకంగా సింహాసనమే అమర్చారు. కారు అంటే ఎత్తు మీద కూర్చుని జనాన్ని చూసేది అన్న అభిప్రాయం అప్పటి నుంచీ చెక్కుచెదరలేదు. నేల మీద కూర్చున్నట్టు కూర్చుని, ఆర్టీసీ బస్సు చక్రం బోల్టులు ఎదురుగా కనిపిస్తుంటే పోయేవాడిని ఎవరు లెక్క చేస్తారు? అయితే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తిన రోజున, ఆ 2.8 కిలోమీటర్ల దారి పొడవునా తమ బంధువు ఒక్కరైనా అడ్డం పడుకోలేదు. రోడ్డును చాప పరిచినంత నునుపుగా చేయడం మనవాళ్లకు చేతనవుతుందని ఆనాడు ఊరంతా చూసింది.

కనుక నా కోరిక తమరిని తవ్వి పారేయమని కాదు. మరో రెండు టిప్పర్ల తారు పోయించుకుని, 3.7 మీటర్ల మేర తీరిగ్గా నడుం వాల్చండి, ఎత్తు పది సెంటీమీటర్లకు దించుకోండి. అప్పుడు ఎవరు ఏ బండిలో వచ్చినా 25 దాటితే సమానంగా కుదుపు తగులుతుంది. వంటికి నాలుగు తెల్ల చారలు పెట్టించుకుంటే కాస్త కళ కూడా వస్తుంది. సంఘం సమావేశంలో ఈ మాట నేనే ఎత్తుదామని వెళ్లాను గానీ, అధ్యక్షుల వారు, "ముందు మీరు మంచి కారు కొనుక్కోండి సార్" అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఇట్లు,
తమ వీపు మీదుగా ఐమూలగా నడిచే
ఎర్ర కారు యజమాని.

తా.క.: నిన్న మధ్యాహ్నం మంచినీళ్ల పైపు కోసమని ఎవరో వచ్చి తమరిని నడిమికి అడ్డంగా కోసి, పని అయ్యాక పూడ్చకుండా వెళ్లిపోయారు. తమకు కలిగిన బాధకు చింతిస్తున్నాను. అయితే ఆ కోత సరిగ్గా నా కారు టైరంత వెడల్పు ఉందని, ఎడమ చక్రాన్ని అందులో దించితే ఛాంబర్ తగలడం లేదని వాచ్‌మనూ నేనూ రాత్రే పరీక్షించి చూసుకున్నాం. పూడ్చడానికి ఎవరైనా వస్తే, దయచేసి నేను ఇంట్లో లేనని చెప్పండి.