రోమన్ రీన్స్‌ని హీరో చేయబోతే ఏమైంది?

2015 జనవరి 26, సెలవు రోజు. తిరుపతి కొర్లగుంటలో మా అక్కోళ్లింట్లో వాళ్ల పిల్లోడు జెండా వందనంలో ఇచ్చిన చాక్లెట్ బుగ్గన పెట్టుకుని రాయల్ రంబుల్ చూస్తున్నాడు. డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కంపెనీ కుస్తీ షో అది, ఎవరు గెలవాలో కంపెనీయే ముందే రాసిపెడుతుంది. ఒకరి తర్వాత ఒకరుగా రింగులోకి వచ్చిన 30 మందిలో ఆఖరుకి, కంపెనీ హీరోని చేయాలనుకున్న రోమన్ రీన్స్ గెలిచాడు. వీడు మంచమెక్కి గంతులు. టీవీలోనేమో ఫిలడెల్ఫియా జనమంతా ఛీకొడుతున్నారు, సినిమా స్టార్ అయిన పాత రెజ్లర్ ది రాక్ అంతటివాడు వచ్చి రోమన్ చెయ్యి పైకెత్తినా ఆపలేదు. "ఏం మామా, గెలిచినోణ్ణే తిడతా ఉండారే?" అన్నాడు వాడు.

ఆ జనానికి కావాల్సింది డేనియల్ బ్రయాన్ అనే రెజ్లర్. అతన్నేమో మధ్యలోనే బయటికి పంపేశారు. అంతకుముందు ఏడాది కూడా ఇదే కథ: రంబుల్‌లో బ్రయాన్ పేరే లేదు, 30వ నంబరుగా పాపం రే మిస్టీరియో వస్తే అతన్నీ తిట్టారు. చివరికి కంపెనీ దిగొచ్చి, ఏడాదికోసారి జరిగే తన అతిపెద్ద షో రెసిల్‌మేనియాలో 2014లో బ్రయాన్‌కే టైటిల్ ఇచ్చింది.

మన చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడతారు కదా, ఆఖర్లో దుర్యోధన వధ రోజు అంత పెద్ద మట్టి బొమ్మ చుట్టూ భీముడు గద పట్టుకుని తరుముతుంటే ఎవర్ని తిట్టాలో జనానికి ఒకరు చెప్పాలా? డబ్ల్యూడబ్ల్యూఈ మాత్రం చెబుతూనే ఉంటుంది. పాట, కామెంటరీ, చప్పట్లు కొట్టే పిల్లల మీదికే పోయే కెమెరా. ముందే రికార్డు చేసిన షోలైతే అరుపులు కూడా కలిపేవారు. అయినా 2017లో జనం నెత్తిన పెట్టుకునే పాత స్టార్ అండర్‌టేకర్‌ని ఓడించిన మర్నాడు రోమన్ మైకు పట్టుకుని దాదాపు పది నిమిషాలు తిట్లు తిని, ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు.

నాకు తమాషాగా అనిపించేది ఆ తర్వాత జరిగింది. 2020 ఆగస్టులో, కరోనా వల్ల హాల్లో జనం లేరు, స్క్రీన్ల మీద మొహాలు, స్పీకర్లలో రికార్డు అరుపులు. ఎవరికి ఎంత చప్పట్లు కావాలంటే అంత వేసుకోవచ్చు. సరిగ్గా అప్పుడే రోమన్‌ని విలన్‌ని చేశారు! 2021 జులైలో జనం తిరిగొచ్చాక చూస్తే, ఏళ్ల తరబడి బతిమాలినా దొరకని చప్పట్లు ఆ విలన్‌కి పడ్డాయి. జనానికి అతని మీద ఎప్పుడూ కోపం లేదు, "వీణ్ణే ఇష్టపడండి" అని నెత్తిన రుద్దినోళ్ల మీదే కోపం అని నా లెక్క.

2024 రెసిల్‌మేనియాలో రోమన్‌తో తలపడాల్సిన, జనం మెచ్చిన కోడీ రోడ్స్ చోటులోకి రాక్‌ని తెచ్చినప్పుడు మళ్లీ గొడవ. ఈసారి కంపెనీ త్వరగా తెలివి తెచ్చుకుంది, ఆ కోపాన్నే కథలో కలిపేసి రాక్‌నే విలన్ చేసింది. ఏప్రిల్ 7న కోడీ గెలిచాడు, రోమన్ 1,316 రోజులుగా అట్టిపెట్టుకున్న టైటిల్ పోయింది. "రాక్‌ని ఎనక్కి పంపించింది మేమే మామా" అంటాడు మావాడు కొర్లగుంటలో కూర్చుని. కంపెనీ మాతృసంస్థ బోర్డులోనే మెంబరైన మనిషిని! ఆ ఊపులోనే ఆన్‌లైన్‌లో కోడీ టీషర్టు కూడా తెప్పించుకున్నాడు. డబ్బులు నావే.