సగటు 18 శాతమట, ఏ సగటు?

తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా చిన్నాన్న ఈమధ్యే రిటైరయ్యాడు. పీఎఫ్ డబ్బు ఖాతాలో పడిన వారానికే షేర్ మార్కెట్ పథకాలమ్మే ఏజెంటొకడు ఇంటికొచ్చి రంగుల కాగితం ఇచ్చిపోయాడు. పెద్దక్షరాలతో ఒకటే మాట: ఐదేళ్ల సగటు రాబడి 18 శాతం. "బ్యాంకులో ఏడే గదరా, దీన్లో పెడితే పోలా?" అన్నాడు చిన్నాన్న. కాగితం తిరగేసి, వెనకాల పెన్నుతో లెక్క రాసి చూపించాను.

2008లో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 52 శాతం పైగా పడింది. 2009లో 81 శాతం లేచింది. రెండూ కూడి సగం చేస్తే ఏడాదికి 14 శాతం లాభం. మరి లక్ష పెట్టినవాడి చేతిలో ఏముంది? మొదటి ఏడాది చివర 48 వేల లోపు, రెండో ఏడాది చివర 86 వేలు. సగటు 14 శాతం లాభం చూపిస్తుంటే మనిషి 14 వేలు పోగొట్టుకున్నాడు! చక్రవృద్ధి లెక్కన అది ఏడాదికి 7 శాతం నష్టం. అడగాల్సింది ఈ లెక్క.

ఈ రెండు సగటులనూ, అంటే కూడి భాగించే సాదా సగటునూ చక్రవృద్ధి సగటునూ, విడదీసేది ఒడిదుడుకులు. రాబడి సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతోందో ప్రామాణిక విచలనం చెబుతుంది. నెలవారీ విచలనం 6 శాతమైతే ఏడాదికి పన్నెండుతో కాదు, పన్నెండు వర్గమూలంతో, అంటే సుమారు మూడున్నరతో హెచ్చించాలి. 21 వస్తుంది. సాదా సగటు 12, విచలనం 20 అయితే చక్రవృద్ధి రాబడి 10 దగ్గర ఆగుతుంది. విచలనం 30 అయితే ఏడున్నరకు దిగుతుంది. ఏడు శాతమిచ్చే బ్యాంకు ఎఫ్‌డీ మీద మిగిలేది అర శాతం. నిద్ర చెడగొట్టుకున్నందుకు దక్కే ఆ మిగులే రిస్క్ ప్రీమియం. దాన్ని కొలవడానికి ఆధారం భద్రమైన రాబడే కావాలి: ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం తక్కువ గడువుకు తీసుకునే అప్పు పత్రాలు, 2021 నుంచి ఆర్‌బీఐ వారి రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైట్‌లో మామూలు జనం కూడా కొంటున్నారు, బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 'ఐదేళ్లు' అన్న మాట. విచలనం 20 ఉన్నచోట ఐదేళ్ల సగటులో పొరపాటుకు ఉండే వెసులుబాటు, 20ని ఐదు వర్గమూలంతో భాగిస్తే, దాదాపు 9 శాతం. అంటే 18 అన్నది అసలు 9 కావచ్చు, 27 కావచ్చు, ఆ హద్దులూ దాటొచ్చు. పాతికేళ్ల లెక్క తీసుకున్నా 4 శాతం అటూ ఇటూ తప్పదు. అలాంటి అంకె చూపించి ఒకరి జీవితకాలపు కష్టార్జితం అడగడం అన్యాయం.

చిత్తూరులో తోతాపురి తోట గుత్తకు తీసుకునేవాళ్లు ఇలా మోసపోరు. సగటు ధర కన్నా ముందు చెడ్డ ఏడాది ధర అడుగుతారు. 2025లో రేటు కుప్పకూలి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని చెప్పాల్సొచ్చింది. కాయ పండాక రేటు పెరిగేదాకా చెట్టు మీదే ఉంచలేరు కదా. చిన్నాన్న పరిస్థితీ అంతే. పై ఏడాది కూతురి పెళ్లి. మార్కెట్ పడి ఉన్నా అప్పుడు డబ్బు తియ్యాల్సిందే.

పెళ్లి డబ్బు, మూడేళ్ల ఇంటి ఖర్చు డిపాజిట్‌లోనే ఉంచమన్నాను. ఏజెంటు మళ్లీ వస్తే 2008ని కలుపుకొని చక్రవృద్ధి రాబడి ఎంతో రాసిమ్మని అడుగుతానన్నాడు చిన్నాన్న.