బస్తా పోయి బుడ్డీ వచ్చింది

విశాఖ వైపు నుంచి వచ్చే రైళ్లను విజయవాడ స్టేషన్లో పోలీసులు గాలించడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు దొరికిందంటే బస్తాల్లో కుక్కిన ఎండు గంజాయే. ఇప్పుడు వార్తల్లో 'లిక్విడ్ గంజాయి' కూడా తరచూ కనిపిస్తోంది. హాష్ ఆయిల్ అన్నమాట, గంజాయి నుంచి తీసిన చిక్కటి నూనె. కుర్రాళ్ల సరదాలు మారాయని సరిపెట్టుకుంటున్నాం గానీ, ఇందులో నిషేధానికీ వాటా ఉందని నాకనిపిస్తుంది.

ఇరవై కిలోల మూటని వాసనే పట్టిస్తుంది. అంత మత్తూ జేబులో పట్టే బుడ్డీలోకి దిగితే? పట్టుబడతామన్న టెన్షన్ ఉన్నంతకాలం వ్యాపారి తక్కువ బరువులో ఎక్కువ మత్తునే వెతుక్కుంటాడు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచిన అమెరికాలోనూ దొంగ రవాణాకి బీరు కంటే ఘాటు మద్యమే గిట్టుబాటయింది.

మన అనుభవమూ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. అది పూర్తిగా వృథా అని నేననను. కూలి డబ్బులు ఇంటికి చేరిన కుటుంబాలున్నాయి. కానీ మానలేనివాడు దొంగసారాకి మళ్లాడు. షాపు సీసా మీద ఎంత శాతం ఆల్కహాలో రాసి ఉంటుంది. బెల్లం ఊటలో నవసారం ఎంత పడిందో కాచినవాడికే తెలియాలి.

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు దారిలో కురిచేడు తగులుతుంది. 2020 జూలై చివర్లో, కరోనా కట్టడితో మద్యం షాపులు మూతపడినప్పుడు, అక్కడ శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అది నిషేధం కాదు, కొద్ది రోజుల మూతే. అయినా అలవాటు ఆగలేదు, సరుకు మారింది.

మాదకద్రవ్యాలను అడ్డుకునే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రధానంగా బరువు చూస్తుంది. గంజాయి కిలో లోపయితే ఒక లెక్క, ఇరవై కిలోలు దాటితే మరో లెక్క. ఆ సరుకులో ఏం కలిసిందో, ఎంత ఘాటుందో కొనేవాడికి చెప్పే నాథుడు లేడు.

అదే చట్టంలో 64-ఎ సెక్షన్ ఉంది. చిన్న మొత్తం సరుకుతో దొరికిన మత్తు బానిస తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ సంగతి హాస్టల్లో పిల్లల్ని ఉంచిన ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? మత్తుమందులను అరికట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈగల్ విభాగం ఫిర్యాదుల కోసం 1972 నంబరు ఇచ్చింది. దాని కింద ఈ సెక్షన్ గురించి ఒక్క వాక్యం రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.