76 వేలతో గెలుపు, 77 వేలతో ఓటమి: నర్సంపేటలో దొంతి మాధవ రెడ్డి లెక్క

వరంగల్ జిల్లా నర్సంపేట అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు ముందేసుకుని చూస్తుంటే నాకు ఎప్పుడూ రెండు అంకెల దగ్గర చూపు ఆగిపోతుంది. 2014లో దొంతి మాధవ రెడ్డికి 76 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి, ఎమ్మెల్యే అయ్యారు. 2018లో ఆయనకే 77 వేల పైచిలుకు పడ్డాయి, దాదాపు 17 వేల తేడాతో ఓడిపోయారు. ఓట్లు తగ్గలేదు, కాస్త పెరిగాయి కూడా. అయినా మాజీ అయ్యారు.

ఆ ఫలితం వచ్చిన రోజు చాలామంది ఒకే మాట అన్నారు: జనం ఆయన్ని వద్దనుకున్నారని. ఈ మాట నేను ఒప్పుకోను. నాలుగేళ్ల కింద ఓటేసినంత మంది మళ్లీ ఓటేస్తే దాన్ని తిరస్కారం అని ఎట్లా అంటాం? మారింది ఎదుటివైపు. 2014లో 57 వేల ఓట్ల దగ్గర ఆగిన టీఆర్ఎస్ అభ్యర్థి పెద్ది సుదర్శన్ రెడ్డి 2018కి 94 వేలు దాటారు. ఆ 36 వేలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే అసలు కథ. అది ఒక్క దొంతి కథ కాదు, ఎమ్మెల్యే అనే పదవి మన కళ్లముందే ఎట్లా మారిందో చెప్పే కథ.

ముందు ఈ గడ్డ సంగతి కొంచెం చెప్పాలి. పాకాల చెరువు, దాని కింద వరి, చెల్కల్లో మిర్చి, పత్తి, అటు అడవి అంచున తండాలు. నర్సంపేట, నల్లబెల్లి, దుగ్గొండి, ఖానాపురం, చెన్నారావుపేట, నెక్కొండ. ఈ ఆరు మండలాల జనం రాష్ట్రమంతా వీచే గాలిని చూసి ఓటేసిన సందర్భాలు ఒకప్పుడు చాలా తక్కువ. 1972లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 287 సీట్లుంటే కాంగ్రెస్ 219 గెలిచింది. సీపీఎంకు దక్కింది ఒక్కటే. ఆ ఒక్కటీ నర్సంపేట, ఆ ఒక్కరూ మద్దికాయల ఓంకార్. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి వచ్చిన మనిషి. అసెంబ్లీ టైగర్ అని పేరు. 1978లో గెలిచారు, ఎన్టీఆర్ ప్రభంజనం వచ్చిన 1983లోనూ గెలిచారు. తర్వాత సీపీఎంకు దూరమై ఎంసీపీఐ అనే మరో కమ్యూనిస్టు పార్టీ దారి పట్టారు. 1985, 1989 ఎన్నికల్లో బ్యాలెట్ మీద స్వతంత్రుడిగానే నిలబడి గెలిచారు. పార్టీ మారినా, గుర్తు మారినా జనం మనిషిని వదలలేదు.

మా ఇంట్లో పెద్దబాపు ఓంకార్ గురించి చెప్పేటప్పుడు పథకాల ముచ్చటే వచ్చేది కాదు. భూమి పంచాయితీ వస్తే వచ్చి నిలబడ్డడా, పోలీసులు తండా మీద పడితే అసెంబ్లీలో అడిగిండా, ఇంతే. ఎమ్మెల్యే అంటే ఆయన లెక్కలో గట్టిగా అడిగే నోరు. ఆ నోరు అధికార పార్టీలో ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఉంటే అడగలేడని కూడా అనుకున్నారు.

1994లో తెలుగుదేశం నుంచి రేవూరి ప్రకాశ్ రెడ్డి గెలవడంతో ఓంకార్ కాలం ముగిసింది. 1999లోనూ రేవూరే. 2004లో కాంగ్రెస్‌తో పొత్తులో ఉన్న టీఆర్ఎస్ నుంచి కంభంపాటి లక్ష్మారెడ్డి గెలిచారు. 2009లో రాష్ట్రంలో వైఎస్ రెండోసారి అధికారంలోకి వచ్చారు. నర్సంపేట మాత్రం మళ్లీ రేవూరిని గెలిపించి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించింది. ఆ అభ్యర్థి దొంతి మాధవ రెడ్డి. ఆయన ఎన్నికల ఖాతా ఓటమితోనే తెరుచుకుంది.

2014 వచ్చింది. తెలంగాణ వచ్చిన ఎన్నిక. జిల్లా కాంగ్రెస్ అధ్యక్షుడిగా పనిచేసిన దొంతికి టికెట్ చేతిదాకా వచ్చి పోయింది. చివరికి ఉద్యమ జేఏసీ నుంచి వచ్చిన నేతకు పార్టీ బీఫామ్ ఇచ్చింది. దొంతి స్వతంత్రుడిగా నామినేషన్ వేశారు. ఇంటి పార్టీ అంటూ టీఆర్ఎస్ ఊరూరా ఊపేస్తున్న రోజులవి. రాష్ట్ర స్థాయిలో పేరున్నవాళ్లే కొట్టుకుపోయారు. అట్లాంటి ఎన్నికలో, పార్టీ అండ లేకుండా, కొత్త గుర్తును పది పదిహేను రోజుల్లో ఆరు మండలాలకు గుర్తు చేయించి 18 వేలకు పైగా ఆధిక్యంతో గెలవడం చిన్న విషయం కాదు. 119 మంది ఎమ్మెల్యేలున్న తొలి తెలంగాణ అసెంబ్లీకి గెలిచి వచ్చిన స్వతంత్రుడు ఆయన ఒక్కరే. 1972లో ఒకే ఒక్క సీపీఎం ఎమ్మెల్యేను పంపిన ఊరే 2014లో ఒకే ఒక్క ఇండిపెండెంట్‌ను పంపింది. ఈ రెండు ఫలితాలకు మధ్య నలభై రెండేళ్లున్నా నాకు అవి పక్కపక్కనే కనబడతాయి.

ఇక్కడ ఆగి జిల్లా మొత్తాన్ని చూడాలి. 2014లో ఉమ్మడి వరంగల్‌లోని 12 సీట్లలో టీఆర్ఎస్ 8 గెలిచింది. మిగిలిన నలుగురు వేరే వాళ్లు: పాలకుర్తిలో తెలుగుదేశం ఎర్రబెల్లి దయాకర్ రావు, పరకాలలో తెలుగుదేశం చల్లా ధర్మారెడ్డి, డోర్నకల్‌లో కాంగ్రెస్ రెడ్యా నాయక్, నర్సంపేటలో దొంతి. మొదటి ముగ్గురూ ఆ సభ కాలం పూర్తికాకముందే టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. ఎర్రబెల్లి 2016లో వెళ్లారు. వెళ్లనిది దొంతి ఒక్కరే.

2018లో ఏమైంది? ఎర్రబెల్లి గెలిచారు, మంత్రి కూడా అయ్యారు. చల్లా గెలిచారు. రెడ్యా నాయక్ గెలిచారు. టీఆర్ఎస్‌లోకి పోకుండా మళ్లీ కాంగ్రెస్ నుంచి నిలబడ్డ దొంతి ఓడారు. నలుగురిలో నిలకడగా ఉన్న ఒక్కరికే శిక్ష పడినట్టయింది. ఆ రోజు జిల్లాలో ప్రతి నాయకుడూ దీని నుంచి ఏం నేర్చుకుని ఉంటాడో ఊహించడం కష్టం కాదు. నాకు బాధ కలిగించింది కూడా ఒక మనిషి ఓటమి కన్నా ఆ ఫలితం మిగతా వాళ్లకు నేర్పిన పాఠమే.

ఇప్పుడు ఆ 36 వేల సంగతికి వద్దాం. కొంత భాగానికి కారణం సులువే. 2014లో పోటీ రెండు వైపులది కాదు, కాంగ్రెస్, తెలుగుదేశం కూడా బరిలో ఉన్నాయి. 2018లో ఆ రెండు పార్టీలూ కలిసి మహాకూటమి కట్టాయి, సీటు కాంగ్రెస్‌కు పోయింది, రేవూరి వరంగల్ పశ్చిమకు వెళ్లి పోటీ చేశారు. పేపర్ మీద చూస్తే దొంతి 2014 ఓట్లకు హస్తం గుర్తు ఓట్లు, సైకిల్ ఓట్లు కలవాలి. కలిసినట్టు లెక్కల్లో కనబడదు. చీలిన ఓట్లలో ఎక్కువ భాగం టీఆర్ఎస్ వైపు వెళ్లిందనే నా అంచనా. చంద్రబాబుతో పొత్తు అనగానే తెలంగాణ పల్లెల్లో ఎంత గుబులు పుట్టిందో అప్పట్లో తిరిగిన వాళ్లందరికీ తెలుసు. దానికితోడు 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి 4 వేలు, పంటకోసారి, చెక్కు చేతిలో పెట్టారు. డిసెంబర్‌లో ఎన్నిక. మిర్చి రైతుకు మందుల దుకాణం బాకీ ఎప్పుడూ మెడ మీద ఉంటుంది. ఆ చెక్కు విలువ పట్నంలో కూర్చుంటే అర్థం కాదు.

కానీ ఇవి చెప్పుకుని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం ఎమ్మెల్యే పని మారిపోవడంలో ఉంది.

దొంతి గెలిచిన ఏడాదే, 2014 అక్టోబర్‌లో, కల్యాణలక్ష్మి మొదలైంది. ఆడపిల్ల పెళ్లికి మొదట 51 వేలు, తర్వాత 75 వేలు, ఆ తర్వాత లక్ష దాటింది. మంచి పథకం, కాదనేవాళ్లు లేరు. అయితే దరఖాస్తు ఎమ్మెల్యే దగ్గరికి పోవాలి, చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగా రావాలి. సీఎం సహాయ నిధి చెక్కూ అట్లాగే. డబుల్ బెడ్రూం ఇండ్లు, ఆ తర్వాత దళితబంధు, ఇట్లా ఒక్కొక్క పథకం ఎమ్మెల్యే ఇంటి ముందు ఒక్కొక్క క్యూ కట్టించింది. ఒకప్పుడు అడిగే నోరుగా ఉన్న మనిషి ఇప్పుడు పంచే చెయ్యి అయ్యాడు. అడగడానికి ఏ పార్టీలో ఉన్నా పర్వాలేదు. పంచడానికి మాత్రం ప్రభుత్వం నీదై ఉండాలి.

అట్లాంటి కాలంలో నర్సంపేటకు ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్నాడు. ఓడిన పెద్ది సుదర్శన్ రెడ్డి ఊరికే కూర్చోలేదు. పౌర సరఫరాల సంస్థ చైర్మన్ అయ్యారు, నియోజకవర్గంలో గట్టిగా తిరిగారు. ఆయన కష్టాన్ని తక్కువ చేయను, ఉద్యమకాలం నుంచీ జనంలో ఉన్న మనిషి. అయితే ఊళ్లలో ఏర్పడ్డ పరిస్థితి ఇది: గెలిచిన ఎమ్మెల్యే ఒకరు, పని చేయించగలిగే నాయకుడు ఇంకొకరు. మా వైపు ఒక చిన్నాయన ఇంట్లో పెళ్లయింది. చెక్కు కోసం ముందు ఎవరి ఇంటికి పోవాలో తేల్చుకోవడానికే వారం పట్టింది. ఒకరి దగ్గరికి పోతే ఇంకొకరికి కోపం వస్తుందేమోనని టెన్షన్. ఆ ఇంట్లోవాళ్లు 2014లో దొంతికే ఓటేశారు. 2018లో వేయలేదు. ఆయన మీద కోపం లేదు, ఆయన మంచోడనే అన్నారు. మళ్లీ ఐదేళ్లు ఈ తిప్పలు పడలేమన్నారు.

నా దృష్టిలో 36 వేలలో ఇట్లాంటి ఓటు గట్టిగానే ఉంది. గాలికి ఎదురు నిలబడే ఊరు నిలబడి అలసిపోయింది.

2023 వచ్చేసరికి లెక్క తిరగబడింది. దొంతికి 1.04 లక్షల ఓట్లు, పెద్దికి 85 వేలు. తేడా మళ్లీ 18 వేల పైచిలుకే, 2014లో వచ్చినంతే. అంకె ఒకటే అయినా ఈ రెండు గెలుపులు ఒకటి కావు. 2014లో జనం గాలిని కాదని గెలిపించారు. 2023లో గాలితో కలిసి గెలిపించారు. ఉమ్మడి వరంగల్‌లో 12కు 10 సీట్లు కాంగ్రెస్‌కు పోయిన ఎన్నిక అది. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ తప్ప అన్నీ కాంగ్రెస్‌వే. నలుగురిలో పార్టీ మారిన ముగ్గురూ ఈసారి ఓడిపోయారు: పాలకుర్తిలో యశస్విని రెడ్డి చేతిలో ఎర్రబెల్లి, పరకాలలో చల్లా, డోర్నకల్‌లో రెడ్యా నాయక్. పరకాలలో చల్లాను ఓడించింది ఎవరో కాదు, 2009లో నర్సంపేటలో దొంతిని ఓడించిన రేవూరి ప్రకాశ్ రెడ్డే, ఇప్పుడు కాంగ్రెస్ నుంచి. పాత ప్రత్యర్థులిద్దరూ ఒకే బెంచీ మీదికి వచ్చారు.

దీన్ని నిలకడకు దొరికిన ఫలం అని రాయాలని మనసు లాగుతుంది. కొంతవరకు నిజమే. ఓడినా ఊరు వదలకుండా, అదే పార్టీలో ఐదేళ్లు ఉండి మళ్లీ అడిగిన మనిషికి గౌరవం దక్కింది. 2022 జనవరిలో వడగళ్లు పడి మిర్చి చేన్లు నేలమట్టమైనప్పుడు, అంతకుముందే తామర పురుగుతో పంట పోయి ఉన్నప్పుడు, రైతులకు పాలకుల మీద పుట్టిన కోపం కూడా ఇందులో ఉంది. 2023 మార్చిలో మళ్లీ వడగళ్లు పడ్డాయి. అప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ దుగ్గొండి మండలం దాకా వచ్చి చేన్లు చూసి ఎకరానికి 10 వేలు ప్రకటించారు. ఎనిమిది నెలల తర్వాత ఓటు మాత్రం అటు పడలేదు.

అయినా 85 వేలను మరిచిపోకూడదు. 2014లో దొంతి గెలిచిన ఓట్ల కన్నా 2023లో పెద్ది ఓడిన ఓట్లు తొమ్మిది వేలు ఎక్కువ. నర్సంపేట ఇప్పుడు రెండు పార్టీల మధ్య నిట్టనిలువుగా చీలింది. మూడో మనిషికి చోటు లేదు. ఓంకార్‌లా, 2014 నాటి దొంతిలా ఎవరైనా గుర్తు లేకుండా వచ్చి నిలబడితే ఇవాళ డిపాజిట్ దక్కుతుందా అంటే నాకు నమ్మకం లేదు. మనుషులు కరువై కాదు. ఆ మనిషికి ఓటేస్తే రేపు పెళ్లి చెక్కు ఎవరిస్తారని ఇంట్లో ఆడవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, అది వాళ్ల బతుకు.

అందుకే దొంతి మాధవ రెడ్డి రెండో విడతను నేను రోడ్లు, బిల్డింగుల లెక్కతో మాత్రమే చూడను. అవి కావాలి. పాకాలకు గోదావరి నీళ్లు కావాలి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లిన రైతుకు ధర కావాలి. వాటికన్నా ముందు ఆయన్ని అడగాల్సింది ఒకటుంది. లబ్ధిదారుల జాబితా ఊళ్లో గ్రామసభ కూర్చుని రాసి, అదే చివరి మాట కావాలి. చెక్కు నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి, ఎమ్మెల్యే ఇంటి ముందు క్యూ ఉండొద్దు. 2023లో పెద్దికి ఓటేసిన 85 వేల మందికీ ఆ క్యూలో నిలబడాల్సిన అవసరం రాకూడదు. ఇందిరమ్మ ఇండ్లకైనా, ఇంకో పథకానికైనా ఇదే పద్ధతి. అధికార పార్టీ ఎమ్మెల్యేలు ఇట్లా అడగరు, అడిగితే పోయేది వాళ్ల చేతిలో పవరే కాబట్టి. ఉమ్మడి వరంగల్‌లో ఈ మాట అడగగల ఎమ్మెల్యే ఎవరని వెతికితే నాకు ముందు ఈయనే కనబడతారు. 2014 నుంచి 2018 దాకా గెలిచీ పని చేయించలేని కుర్చీలో కూర్చున్నది ఆయనే.