బెల్టు తీసేయమన్న మహానుభావుడికి

ఐదు రోజుల్లో ఏడుగురు పంపారు ఒకే మెసేజ్. "తుఫానులో విమానం: మీకెవరూ చెప్పని 7 నిజాలు, కనీసం 20 మందికి పంపి ప్రాణాలు కాపాడండి" అని పైన ఎర్ర అక్షరాలు, కింద విమానంలో జనం కేకలు పెడుతున్న వీడియో. ఆరుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. ఏడోది మా అత్తయ్య పంపింది, "ఈసారి నుంచి బెల్టు పెట్టుకోకు నాన్నా" అని సొంతంగా ఒక వాక్యం కలిపి మరీ. ఇక ఊరుకుంటే లాభం లేదని రాస్తున్నా.

మొదటి 'నిజం': గాల్లో గుంతలుంటాయి, అక్కడ గాలే ఉండదు, విమానం రాయిలా 6,000 అడుగులు పడిపోతుంది. గాలి లేని గుంత ఎక్కడా లేదు స్వామీ. ఒకచోట గాలి పైకి తంతుంది, ఆ పక్కనే కిందికి లాగుతుంది, రెండింటి మధ్యా దూసుకుపోతుంటే ఊగుతాం, అంతే. ఆ 6,000 అంకె ఎక్కడిదో కూడా చెప్తా. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద, 37,000 అడుగుల ఎత్తులో, పెద్ద కుదుపులో చిక్కుకుంది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, డజన్ల కొద్దీ జనం గాయపడ్డారు. ఆ రోజు వార్తల నిండా 'నిమిషాల్లో 6,000 అడుగులు పడిపోయిన విమానం'. తర్వాత రికార్డర్లు విప్పి చూస్తే అది నిజంగా జారింది 178 అడుగులు, 4.6 సెకన్లలో. మిగతాదంతా గాయపడినవాళ్ళను బ్యాంకాక్ చేర్చడానికి పైలట్లే నింపాదిగా దించిన ఎత్తు. 178 అంటే చిన్నదేగా అనుకోకండి, బెల్టు దగ్గర మళ్ళీ ఈ అంకెకే వస్తాను.

రెండోది, పిడుగు పడితే విమానం పేలిపోతుందట. సగటున ఒక్కో విమానానికి ఏడాదికోసారి పిడుగు తగులుతూనే ఉంటుంది. పైతొడుగు మీదుగా పాకి తోకవైపు నుంచో రెక్క చివర నుంచో బయటికి పోతుంది, లోపల మనం నిద్రపోతుంటాం. 1963లో పాన్ ఆమ్ విమానం ఒకటి పిడుగుతో ఇంధనం అంటుకుని కూలి 81 మంది పోయిన మాట నిజం, ట్యాంకుల రక్షణ నియమాలు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. మెసేజ్ రాసినాయనకు ఈ సంగతి తెలిసుంటే తప్పకుండా పెట్టేవాడు, పాపం.

రెక్కలు ఊగితే విరగబోతున్నట్టేనట. ఊగకపోతేనే కంగారు పడాలి. బోయింగ్ 787 రెక్కల్ని నేల మీద కట్టేసి పరీక్షించినప్పుడు 25 అడుగుల దాకా పైకి వంచారు. మీరు కిటికీలోంచి చూసి గుండె చేత్తో పట్టుకునే ఊగుడు దాని ముందు ఏపాటి?

తోక వైపు సీట్లే క్షేమమట. ఎక్కువగా ఊగేదే అక్కడ. తర్వాతి పాయింటు.

"పైలట్లకు రాడార్‌లో అన్నీ కనిపిస్తాయి, ఇంధనం మిగుల్చుకోవడానికి కావాలనే మబ్బుల్లోకి తీసుకెళ్తారు." ఆ పైలట్ కూర్చునేది అదే విమానంలో కదా బాబూ, పారాచూట్ కట్టుకుని వెళ్తాడా? ముక్కులో ఉండే రాడార్‌కి కనిపించేది నీటి చుక్కలూ వడగళ్ళూ. మబ్బు లేని చోట వచ్చే కుదుపు దానికి కనపడదు. కనపడిన వాటికి మైళ్ళ దూరం చుట్టు తిరుగుతారు, ఇంధనం కాల్చి మరీ. ఒక్కోసారి ఆ దారి కూడా దొరకదు. సరిగ్గా ఏడాదికి, 2025 మే 21న, ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం తుఫాను తప్పించుకోవడానికి లాహోర్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ళను దారి అడిగితే ఇవ్వలేదు. వడగళ్ళలోంచే వెళ్ళి, ముక్కు చితికిపోయి కూడా, క్షేమంగా దిగింది.

ఇక అసలు పాపం. "బెల్టు మీ కోసం కాదు, ప్రమాదం తర్వాత ఏ శవం ఏ సీటుదో గుర్తుపట్టడానికి. కుదుపులు మొదలవగానే తీసేసి ముందు సీటు గట్టిగా పట్టుకోండి."

శవాల్ని గుర్తుపట్టడానికట! ఎక్కగానే కిటికీ సీటు కోసం బేరాలాడి మారిపోయేవాళ్ళ సంగతేమిటో మరి. మళ్ళీ ఆ 178 అడుగుల దగ్గరికి రండి. ఆ విమానంలో బెల్టు గుర్తు వెలిగిన 8 సెకన్లకే పెద్ద దెబ్బ తగిలింది. 0.6 సెకన్లలో మనుషుల బరువు కిందికి ఉన్నది కాస్తా పైకి తిరిగింది, సొంత బరువుకి ఒకటిన్నర రెట్లతో. అరవై కిలోల మనిషిని తొంభై కిలోల బలం విమానం పైకప్పు వైపు లాగడమన్నమాట. ముందు సీటు పట్టుకోమంటున్నాడు ఈయన, రెప్ప వేసి తీసేలోపు! విమానం కిందికి జారుతుంది, మీరు ఉన్నచోటే ఉంటారు, కాబట్టి కప్పు వచ్చి మీ తలను కొడుతుంది. మరుక్షణం విమానం పైకి లేస్తుంది, మీరు సీటు చేతి మీద పడతారు. మెడలూ నడుములూ విరిగేది ఇలాగే. అమెరికాలో 2009 నుంచి 2022 దాకా కుదుపుల్లో తీవ్రంగా గాయపడింది 163 మంది అయితే అందులో 129 మంది విమాన సిబ్బందే. ఎందుకో చెప్పాలా? ట్రాలీ తోస్తూ నిలబడి ఉండేది వాళ్ళు కాబట్టి.

ఇది లెక్కల్లో చదవడం వేరు. ఓ రాత్రి ఉరుముల మధ్య నేనున్న విమానం ఒక్కసారి జారింది. నా ముందున్న కాఫీ కప్పులోంచి ముద్దలా లేచి వెళ్ళి పైకప్పుకి అంటుకుంది. రెండు వరుసల ముందు ఒకాయన పైనుంచి సంచి తీద్దామని అప్పుడే లేచాడు. ఆయన తల తగిలి ప్లాస్టిక్ పలక పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నడవలో కూలబడి, నుదుటి నుంచి రక్తం కారుతుంటే, "ఇప్పుడే తీశానండీ, ఇప్పుడే" అంటున్నాడు పక్కనున్నవాళ్ళకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. ఎయిర్‌హోస్టెస్ ఆయన పక్కనే నేల మీద కూర్చుని, ఒక చేత్తో సీటు కాలు పట్టుకుని, రెండో చేత్తో నాప్కిన్ అదిమిపట్టింది. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఆయన్ని ఒకసారి అడిగి రండి.

ఏడో పాయింటు ఒప్పుకుంటాను, మనసొప్పకపోయినా. "ఈ మధ్య కుదుపులు పెరిగాయి" అన్నది నిజమే. ఉత్తర అట్లాంటిక్ మీద మబ్బులేని చోట వచ్చే తీవ్రమైన కుదుపులు 1979 నుంచి 2020 నాటికి 55 శాతం పెరిగాయని రీడింగ్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో లెక్క తేల్చారు. కుదుపులకు విమానం విరగనే విరగదని కూడా నేను ఒట్టేయను, 1966లో ఫ్యూజీ పర్వతం దగ్గర ఒక బోయింగ్ 707 విరిగింది, 124 మందీ పోయారు. అలాంటిది చాలా అరుదు. కప్పుకి తల కొట్టుకోవడం అరుదు కాదు.

ఆ రాత్రి దిగేదాకా దేవుళ్ళందరినీ తలుచుకున్నాం, నేనూ వణికిపోయాను. చక్రాలు నేల తాకగానే చప్పట్లు. విమానం ఆగీ ఆగకముందే, గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంది, టపటపా బెల్టులు ఊడాయి. ఇంత రాసి ఇది దాచడం బాగోదు, ఊడిన వాటిలో మొదటిది నాదే.